కాలిందేమిటో కాగితం మీద రాయించుకుందాం!

కరెంటు పోయి వస్తుంది. బల్బు ఒక్కసారి భగ్గుమంటుంది. మూలనున్న కంప్యూటర్ మాత్రం మళ్లీ లేవదు. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం పల్లెల్లో ఈ మాట ఎవరికి కొత్త? షాపుకు మోసుకుపోతే మూత విప్పకముందే తీర్పు వచ్చేస్తుంది: 'మదర్ బోర్డు పోయింది, కొత్తది కొనండి'. కాదంటే ఒంగోలు దారి చూపిస్తారు. 1970లో కర్నూలు జిల్లా నుంచి మార్కాపురం, గిద్దలూరులను విడదీసి ఒంగోలుకు కలిపారు. గీతలు మారాయి గానీ దూరం తగ్గిందా? ప్రాజెక్టు రిపోర్టు అందులోనే ఉన్న విద్యార్థి, ఆఫీసు ఫైళ్లు అందులోనే ఉన్న ఉద్యోగి ఈ తీర్పును తలవంచి ఒప్పుకోవాలా? అక్కర్లేదంటున్నాం.

అసలు జరిగేదేమిటి? మన ఇంటికి రావాల్సింది 230 వోల్టులు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ వస్తాయి. ఆ న్యూట్రల్ తెగినా, జాయింటు వదులైనా, లోడు తక్కువున్న ఫేజు మీది ఇళ్లలో వోల్టేజీ 400 దాకా ఎగబాకవచ్చు. ఆ దెబ్బ ముందుగా తగిలేది మదర్ బోర్డుకు కాదు, ఎస్ఎంపీఎస్‌కు. కరెంటును అందుకునే పెట్టె అదే. చాలాసార్లు ఫ్యూజు, కెపాసిటర్లు కాలి, వెనకున్నవాటిని కాపాడి తాను పోతుంది. అన్నిసార్లూ కాపాడుతుందని కాదు. అందుకే పరీక్ష కావాలి.

పరీక్షకు ఒక వరుస ఉంది. ముందు ప్లగ్గు పీకాలి. ప్లగ్గులో 230 వోల్టులే వస్తున్నాయా అని మీటరుతో చూడాలి. తర్వాత మూత తీసి కాలిన వాసన, ఉబ్బిన కెపాసిటర్లు, నల్లబడిన చోట్లు వెతకాలి. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎవరూ ఇంట్లో విప్పొద్దు. ప్లగ్గు పీకినా లోపల ప్రాణం తీసే ఛార్జి నిలిచి ఉంటుంది. దాన్ని బోర్డు నుంచి విడదీసి, మెకానిక్ చేత ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో కలిపించి చూడండి. ఫ్యాను తిరిగితే సరిపోదు. 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య, 5 వోల్టుల లైను 4.75కూ 5.25కూ మధ్య ఉండాలి. లేకపోతే దోషి దొరికినట్టే. బాగున్న ఎస్ఎంపీఎస్ పెట్టి, ప్రాసెసర్, ఒకే ర్యామ్‌తో బోర్డును లేపాలి. లేస్తే మిగతావి ఒక్కొక్కటే కలపాలి. ఏది కలిపినప్పుడు ఆగిందో అదే పోయినట్టు. అప్పటికీ లేవకపోతేనే బోర్డు మీద అనుమానం. పిడుగు కేబుల్ తీగ వెంట వచ్చి ఉంటే నెట్ పోర్టు ఒక్కటే పోవచ్చు. దానికి చిన్న కార్డు చాలు, బోర్డు మార్చనక్కర్లేదు. ల్యాప్‌టాప్ అయితే అదే వోల్టేజీ ఉన్న ఇంకో అడాప్టర్‌తో ముందు చూడాలి.

హార్డ్ డిస్కును మాత్రం చివరికి ఉంచండి. అనుమానం ఉన్న ఎస్ఎంపీఎస్‌కు దాన్ని తగిలించొద్దు. కాలిన గుర్తు కనిపిస్తే మళ్లీ మళ్లీ ఆన్ చేయొద్దు. డిస్కు పోతే కొత్తది కొనుక్కోవచ్చు, చదువు పోతే ఎవరిస్తారు?

ఇక అసలు మాట. స్పైకు గార్డు క్షణం పాటు వచ్చే దెబ్బను ఆపుతుంది గానీ న్యూట్రల్ తెగి నిమిషాల తరబడి 400 వోల్టులు వస్తే తానే కాలిపోతుంది. హైకట్ ఉన్న స్టెబిలైజర్ కొనుక్కోండి, తప్పులేదు. కానీ తీగలను, జాయింట్లను చూసుకోవాల్సిన బాధ్యత మనది కాదు, డిస్కంది. పలకలకు పేరుపడ్డ ఈ రాతి నేలలో, ఈ కరువులో, నీళ్లు పోయని ఎర్తు గుంత పేరుకే ఎర్తు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఆ గుంతను ఎప్పుడు తడిపారో లైన్‌మన్‌ను కాదు, అధికారిని అడగాలి.

అడిగే హక్కు చట్టంలోనే ఉంది. ప్రమాణాలు తప్పితే పరిహారమని 2003 విద్యుత్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. 42వ సెక్షన్ కింద వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం, దానిపైన అంబుడ్స్‌మన్ ఉన్నారు. కానీ ఫోరం ముందు 'కంప్యూటర్ కాలింది సార్' అంటే సరిపోదు. ఏ రోజు, ఏ గంటకు, ఏ భాగం, ఏ కారణంతో పోయింది? మెకానిక్ సంతకంతో కాగితం కావాలి. అదే వీధిలో ఎన్ని టీవీలు, ఫ్రిజ్‌లు పోయాయో జాబితా కావాలి. 1912కు ఫోన్ చేసి తీసుకున్న ఫిర్యాదు నంబరు కావాలి. ఒక్క ఇల్లు అడిగితే అది విన్నపం, వీధంతా కాగితాలతో నిలబడితే అది డిమాండు.

కాబట్టి కాలిన కంప్యూటర్‌ను పాత సామాన్ల వాడికి ఇవ్వకండి. ముందు పరీక్ష చేయించండి, రాయించుకోండి. ఇరుగుపొరుగును కూడగట్టండి. చదువుకున్న యువకులు ఊరికొకరు మీటరు పట్టుకుని ఈ పని నేర్చుకుంటే, మోసపోవడం ఆగుతుంది. అడగడం మొదలవుతుంది.