విషాన్ని మోసే అణువు

నోరు లేదు, జీర్ణాశయం లేదు, ఆహారాన్ని వెదకుతూ పోవడానికి కాళ్ళూ లేవు. అయినప్పటికీ ఆ ప్రాణి ఆరడుగుల పొడవు ఎదుగుతుంది. 1977లో గాలపాగోస్ దీవుల చేరువన, సుమారు 2500 మీటర్ల లోతున, ఆల్విన్ అనే జలాంతర్వాహిని దీపాల వెలుగులో మానవుని కంటబడిన గొట్టపు పురుగు అది. శాస్త్రజ్ఞులు దానికి రిఫ్టియా అని పేరిడినారు. ఆ లోతును ఊహించదలచినవారు మా ఖరగ్‌పూర్ స్టేషనును తలచుకోవచ్చు. ఒకనాడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుగాంచిన ఇక్కడి ప్లాట్‌ఫారం పొడవు 1072 మీటర్లు. అటువంటివి రెండింటిని నిలువునా ఒకదానిపై ఒకటి నిలిపినా, ఆ పురుగు నివాసం నుండి సముద్రపు ఉపరితలం అందదు. సూర్యరశ్మి అక్కడికి చేరనే చేరదు.

మరి దానికి ఆహారమెక్కడిది? నాడు హార్వర్డు విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థినిగా ఉన్న కొలీన్ కావనా, 1981లో దీనికి సమాధానం ప్రకటించినారు. పురుగు దేహంలో అసంఖ్యాకంగా బాక్టీరియా కాపురమున్నవి. భూగర్భం నుండి వెలువడే హైడ్రోజన్ సల్ఫైడును ఆక్సిజన్‌తో కలిపి, ఆ శక్తితో అవి ఆహారం తయారుచేసుకొంటాయి. తమకు ఆశ్రయమిచ్చిన ప్రాణికీ పెడతాయి.

కాని చిక్కంతా ఇక్కడే ఉన్నది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేసే ఈ వాయువు మహావిషం. జీవకణంలో ఆక్సిజన్‌ను వినియోగించే ఎంజైమును ఇది సైనైడు వలెనే స్తంభింపజేస్తుంది. అతిథులకు అన్నమైనది ఆతిథేయికి మృత్యువు! దానిని తన దేహం గుండానే మోసుకుపోయి వారికి అందించవలె.

పురుగు ఎర్రని రక్తంలోని హెమోగ్లోబిన్ ఇందుకు ఒక ఉపాయం. అది ఆక్సిజన్‌ను ఒకచోట, సల్ఫైడును వేరొకచోట కూర్చుండబెట్టి, రెండింటినీ కలవనీయక తీసుకొని పోతుంది. రెండవ ఉపాయం ఒక అమైనో ఆమ్లం.

1827లో టీడెమాన్, గ్మెలిన్ అనే జర్మను శాస్త్రజ్ఞులు ఎద్దు పిత్తరసం నుండి ఒక పదార్థాన్ని వేరుచేసినారు. లాటిను భాషలో ఎద్దుకు గల పేరును బట్టి అది టారిన్ అయినది. గోరోచనాన్ని ఎరిగిన మనకు ఈ నామకరణం వింతగా తోచదు. టారిన్ మాంసకృత్తుల నిర్మాణంలో చేరదు. ఉప్పునీటి ఒత్తిడికి కణాలు కుంచించుకుపోకుండా కాపాడడానికి సముద్రజీవులనేకం దీనిని నిలువ చేసుకొంటాయి. అగాధంలోని ఈ జీవులలో మాత్రం దానికి సోదరప్రాయమైన హైపోటారిన్ కూడా సమృద్ధిగా కనబడింది. అది సల్ఫైడు నుండి ఒక గంధకపు పరమాణువును స్వీకరించి థయోటారిన్‌గా మారుతుంది. ఈ రూపంలో గంధకం హాని చేయదు. హైపోటారిన్ ఖాళీ వ్యాగను; థయోటారిన్ సరకు నిండిన వ్యాగను. బాక్టీరియాకు అవసరమైనప్పుడు సరకు దిగవచ్చునని శాస్త్రజ్ఞుల భావన. ఇటువంటి ఆల్చిప్పలను సల్ఫైడు లేని నీటిలో ఉంచి చూడగా, థయోటారిన్ తగ్గి హైపోటారిన్ పెరిగినది.

ఇదంతా ఎక్కడో పసిఫిక్ సముద్రపు వింత అనుకోనక్కరలేదు. కృష్ణా గోదావరుల ముఖద్వారాలకు ఆవల, బంగాళాఖాతపు అడుగు బురదలో వేల ఏళ్ళనాటి కాలిప్టోజినా ఆల్చిప్పలు లభించినవి. సల్ఫైడును నమ్ముకొన్న బాక్టీరియాతో కలిసి బ్రతికే కుటుంబమది. 2018లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవారి సింధు సాధన నౌక, అక్కడ నేటికీ మీథేను ఊరుతున్న తావులను, వాటిని ఆశ్రయించిన ప్రాణులను కనుగొన్నది. అక్కడి బురదలో సూక్ష్మజీవులు మీథేనును హరించే క్రమంలో సల్ఫైడు పుడుతుంది. ఆ సల్ఫైడే ఈ జీవుల జీవనాధారం.

ఆ ప్రాంతంలోనే 2006లో జరిపిన త్రవ్వకాలలో మంచువలె గడ్డకట్టిన మీథేను నిక్షేపాలు బయటపడినవి. రేపటి ఇంధనంగా దేశం వాటిపై ఆశ పెట్టుకొన్నది. ఆ ఆశను కాదనలేము. అయితే మనం తోడదలచిన ఆ వాయువే అక్కడి వారి అన్నానికి మూలం. వారి సంసారమేమిటో తెలిసికొనకముందే పొయ్యి ఆర్పివేయడం న్యాయం కాదు.

సింబయాసిస్ అనే మాటను మనం సహజీవనమని అనువదించుకొన్నాము. ఎన్నోమార్లు వ్రాసిన మాటే. దానిలో ఒకరికోసం మరొకరు విషాన్ని మోయడం కూడా ఇమిడి ఉన్నదని ఆ పురుగు చెబుతున్నది.