రికార్డు అట్టమీద లేని పేరు

1983 మార్చి 25న కాలిఫోర్నియాలోని పాసడీనాలో మోటౌన్ రికార్డు కంపెనీ రజతోత్సవం వైభవంగా జరిగింది. టెలివిజన్ కెమెరాల ముందు ప్రసిద్ధ గాయకులు ఒకరి తరువాత ఒకరు వచ్చి పాడారు. సభాభవనం కరతాళధ్వనులతో మారుమ్రోగింది. ఆ కంపెనీ పాటలెన్నింటికో బాస్ గిటార్ వాయించిన జేమ్స్ జేమర్‌సన్‌కు మాత్రం వేదికమీద చోటు లేదు. ఆయన టిక్కెట్టు కొనుక్కొని వచ్చి ప్రేక్షకులలో కూర్చున్నాడు.

జేమర్‌సన్ 1936లో దక్షిణ కరొలైనా తీరంలోని ఎడిస్టో ద్వీపంలో జన్మించాడు. 1954లో తల్లితో పాటు మోటారు కార్ల నగరమైన డెట్రాయిట్ చేరాడు. మనిషిని మించిన ఎత్తుండే నిలువు బాస్ వాద్యాన్ని హైస్కూలులోనే చేపట్టి, జాజ్ క్లబ్బులలో రాటుదేలాడు. 1959లో బెర్రీ గోర్డీ అనే నల్లజాతి యువకుడు ఆ నగరంలోనే మోటౌన్ సంస్థకు అంకురార్పణ చేశాడు. ఒక మామూలు ఇల్లే దానికి స్టూడియో అయింది. అక్కడి వాద్యకారుల బృందంలో జేమర్‌సన్ చేరాడు.

బాస్ గిటార్‌కు నాలుగే తీగలు. అవి పలికేది మంద్రస్థాయి. అంతకు పూర్వం సామాన్యంగా ఆ వాద్యం పని తాళం తప్పకుండా పాటను మోయడమే. జేమర్‌సన్ దానికి మాట నేర్పాడు. గాయకుడు ఆగినచోట అది అందుకొంటుంది; ఊహించని చోట ఒక స్వరాన్ని విడిచి, మరుక్షణమే పరుగెత్తుతుంది. ఇంతటి సంచారాన్ని ఆయన కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే సాధించాడు! 1962 నాటి ఆ గిటార్‌కు దళసరి తీగలు బిగించి, తెగితే తప్ప మార్చేవాడు కాదు. 1964 నాటి 'మై గర్ల్' పాట ఆరంభంలో వినిపించే ఆ కొద్ది స్వరాలు ఆయనవే.

వాద్యకారులకు ముట్టేది కూలి మాత్రమే. రికార్డు అమ్మకాలలో వాటా లేదు. అట్టమీద పేరైనా ఉండేది కాదు. బీటిల్స్ బృందపు పాల్ మెకార్ట్‌నీ ఆ వాదనను ఆరాధించి, తన వాద్యంలో దాని ప్రభావాన్ని అంగీకరించాడు. వాయించినదెవరో మాత్రం ఆయనకు చాలా కాలం వరకు తెలియదు. 1971లో మార్విన్ గే వెలువరించిన 'వాట్స్ గోయింగ్ ఆన్' ఆల్బమ్‌లో వాద్యకారుల పేర్లు అచ్చయ్యాయి. జేమర్‌సన్ పేరు ముందు 'సాటిలేని' అన్న విశేషణం కూడా చేరింది. పన్నెండేళ్ల శ్రమకు అది ఆలస్యంగా అందిన మర్యాద.

మరుసటి ఏడాది కంపెనీ లాస్ ఏంజెలెస్‌కు తరలిపోయింది. జేమర్‌సన్ కూడా వెళ్ళాడు గాని, అక్కడి సంగీతం అప్పటికే కొత్త దారి పట్టింది. తీగలు మార్చమన్నారు, వాదనశైలి మార్చమన్నారు, ఆయన మారలేదు. అవకాశాలు తగ్గాయి, పాత శత్రువైన మద్యం బలపడింది. ఈ పతనానికి దోషమంతా కంపెనీదే అనడం న్యాయం కాదు. అయితే ఆ రజతోత్సవ సభకు ఒక ఆహ్వానపత్రం పంపడానికి ఎంత ఖర్చయ్యేది?

ఆ ఉత్సవం జరిగిన కొద్ది నెలలకే, 1983 ఆగస్టు 2న, నలభై ఏడవ ఏట జేమర్‌సన్ కన్నుమూశాడు. 1989లో ఆయన జీవితంపై, వాదనపై ఒక గ్రంథం వెలువడింది. 2000లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ సహవాద్యకారులకు తొలిసారిగా స్థానమిచ్చినప్పుడు ఆయన పేరు అందులో ఉంది. 2002లో ఆ డెట్రాయిట్ బృందం కథ డాక్యుమెంటరీ చిత్రంగా వచ్చింది. ఆయన వాయించిన ఆ 1962 నాటి గిటార్‌ను మాత్రం, మరణానికి కొద్ది రోజుల ముందు, ఎవరో ఆయన ఇంటినుంచి దొంగిలించారు.