పిల్లల పరీక్ష అయిపోతుంది, ఊరికి ఏం మిగులుతుంది?

పత్తి అమ్ముకోవాలంటే ఇప్పుడు వాన, ఎండ, కూలీలు అనుకూలిస్తే చాలదు. ఫోన్‌కు సిగ్నల్ కూడా కావాలి. 2025–26 సీజన్‌కు కేంద్రం పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. ఆ ధరకు సీసీఐ కొనాలంటే రైతు ముందుగా 'కపాస్ కిసాన్' యాప్‌లో నమోదు కావాలి, స్లాట్ బుక్ చేసుకోవాలి. సిగ్నల్ అందని తండాలో ఉన్న రైతు ఏం చేయాలి? గుట్ట ఎక్కి ఓటీపీ కోసం ఎదురుచూడాలి. లేదంటే బస్సెక్కి ఖేడ్ పోయి ఎవరి చేతిలోనో ఫోన్ పెట్టాలి. రెండూ కాకపోతే ఇంటి ముందుకొచ్చిన దళారి చెప్పిన ధరకు తూకం వేయాలి. విత్తనం, ఎరువు, కరెంటు లెక్కనే సిగ్నల్ కూడా సాగు పెట్టుబడిలో చేరింది. ఈ మాట చాలామంది అధికారులకు ఇంకా ఎక్కలేదు.

అందుకే ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు ఊళ్ళకు వచ్చి దూరపు వైర్‌లెస్ లింకులు పరీక్షించే పనిని రైతు సంఘం తన పనిగా చూడాలి. మన జిల్లాలోనే కందిలో ఐఐటీ ఉంది, సుల్తాన్‌పూర్‌లో జేఎన్‌టీయూ కాలేజీ ఉంది. ఆ పిల్లలు మనూర్, నాగల్‌గిద్ద వైపు రావాలని మనమే పిలుద్దాం. అయితే ఏ షరతుల మీద రావాలో కూడా మనమే చెప్పాలి.

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. ఒక జట్టు ఈ ఊరి వాటర్ ట్యాంక్ మీద యాంటెన్నా పెడుతుంది. ఇంకో జట్టు పది కిలోమీటర్ల అవతల బడి కప్పు మీద ఇంకొకటి పెట్టి దీని వైపు తిప్పుతుంది. మధ్యలో తీగ ఉండదు, సిమ్ ఉండదు. ఇక్కడినుంచి పంపిన సమాచారంలో అక్కడికి ఎంత చేరిందో ల్యాప్‌టాప్‌లో లెక్క పెడతారు. రెండు యాంటెన్నాలు ఒకదానికొకటి కనబడితే సరిపోదు. ఇళ్ళలో వాడే వైఫై రకం 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు పది కిలోమీటర్ల దూరంలో నడిమధ్యన, ఆ చూపు గీత కింద పది పన్నెండు మీటర్ల ఖాళీ ఉండాలి. మధ్యలో చింతచెట్టు అడ్డమొస్తే లింకు నీరసిస్తుంది. భూమి గుండ్రంగా ఉండడం వల్ల వచ్చే ఉబ్బు కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే ఎత్తైన టవర్ కావాలి. రేడియో పెట్టె కన్నా టవర్‌కే ఎక్కువ ఖర్చు.

ఈ తరంగాలకు లైసెన్సు ఫీజు లేదు. 2005లో కేంద్రం 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని, 865–867 మెగాహెర్ట్జ్ పట్టీని పరిమిత శక్తితో ఎవరైనా వాడుకునేలా వదిలింది. ఈ రెండో పట్టీలో 'లోరా' అనే పద్ధతి నడుస్తుంది. దానితో వీడియో రాదు, యాప్ కూడా నడవదు. ఎంత వాన పడింది, చెలకలో తేమ ఎంత, మోటరు నడుస్తోందా లేదా అన్న చిన్న కబురును మాత్రం చిన్న బ్యాటరీతో నెలల తరబడి కిలోమీటర్ల దూరం పంపుతుంది. స్లాట్ బుకింగ్‌కు, పిల్లల చదువుకు వైఫై రకం లింకు కావాలి. ఏది దేనికో తెలుసుకుని అడగాలి.

దూరం పోతుందా అన్న అనుమానం అక్కర్లేదు. 2007లో వెనిజులాలో రెండు ఎత్తైన చోట్ల మధ్య 382 కిలోమీటర్ల వైఫై లింకు నడిపి చూపించారు. మన దేశంలో ఐఐటీ కాన్పూర్ వాళ్ళు 2002 నుంచి గంగా మైదానపు ఊళ్ళలో ఈ పని చేశారు. ప్రొఫెసర్ భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి బృందం 37 కిలోమీటర్ల వరకు లింకులను కొలిచి ఫలితాలు ప్రచురించింది. సాధ్యమేనని తేలి ఇరవై ఏళ్ళయింది. మరి ఇన్నేళ్ళకూ మన తండాకు ఎందుకు రాలేదు? పరీక్ష వేరు, నిలబెట్టడం వేరు గనక.

నిలబెట్టడం ఎంత కష్టమో తమిళనాడులోని తేని చెబుతుంది. అక్కడి అరవింద్ కంటి ఆసుపత్రిని ఊళ్ళలోని కంటి పరీక్ష కేంద్రాలతో కలపడానికి అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం విద్యార్థులు 2005 ప్రాంతంలో దూరపు వైఫై లింకులు వేశారు. రోగి ఊళ్ళో కూర్చుని డాక్టరుతో వీడియోలో మాట్లాడేవాడు. విద్యార్థులను అసలు సతాయించింది తరంగాలు కావు, కరెంటు. వోల్టేజీ ఎగుడుదిగుడులకు పెట్టెలు కాలిపోయేవి, బ్యాటరీలు పాడయ్యేవి. ఏ వైరు ఊడిందో అక్కడున్నవాళ్ళకు తెలిసేది కాదు. ఆసుపత్రి సిబ్బందికే పని నేర్పి, రిపేరు వాళ్ళ చేతికి అప్పగించాకే ఆ వ్యవస్థ నిలదొక్కుకుంది.

ఇక మన తెలుగు నేల మీద జరిగింది చూద్దాం. పశ్చిమ గోదావరిలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' పేరుతో టవర్లు వేసి ఊళ్ళను వైఫైతో కలిపింది. దూరవైద్యం, చదువు, వ్యవసాయ సలహాలు ఆ లింకుల మీద అందించింది. మంచి పనే. కానీ ఆ ఫౌండేషన్ సత్యం కంప్యూటర్స్ యజమానుల కుటుంబానిది. 2009 జనవరి 7న సత్యం చైర్మన్ లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకున్నారు. ఊరి అవసరాన్ని దాత జేబుకు కడితే, ఆ జేబుకు చిల్లు పడ్డ రోజు ఊరు ఎవరిని అడగాలి? గ్రామసభ అడిగి వేయించుకున్నదైతే గ్రామసభ నిలదీస్తుంది. దానంగా వచ్చినదాన్ని నిలదీసే హక్కు ఎవరికీ ఉండదు.

ఇంకో దారి మన పక్కనే ఉంది. ఝరాసంగం మండలం మాచనూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు సంగం రేడియో నడుపుతున్నారు. యునెస్కో సాయంతో స్టూడియో 1998లోనే తయారైంది. లైసెన్సు మాత్రం రాలేదు. స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి 2006 విధానంతో గానీ తెరుచుకోలేదు. పదేళ్ళు వాళ్ళు కార్యక్రమాలు రికార్డు చేసి, క్యాసెట్లు సంఘాల్లో వినిపిస్తూ ఓపిక పట్టారు. 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్ మీద ప్రసారం మొదలైంది. పెద్ద చదువుల్లేని దళిత మహిళలు మైకు, మిషన్ రెండూ పట్టారు. కొర్రలు, జొన్నలు, విత్తనాల గురించి వాళ్ళ భాషలో వాళ్ళే మాట్లాడారు. యంత్రం మనవాళ్ళకు రాదు అనేవాళ్ళు ఒకసారి మాచనూరు పోయి రావాలి.

గాలిలో పోయే తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. ప్రజల ఆస్తి అంటే అందులో మనూర్ రైతుకు కూడా వాటా ఉన్నట్టే.

కాబట్టి ఏ కాలేజీ వచ్చినా సంఘం తరఫున ఈ మాటలు ముందు పెట్టాలి.

ఒకటి, పరీక్ష వానాకాలంలో జరగాలి. చలికాలం సెలవుల్లో, ఆకాశం తేటగా ఉన్నప్పుడు రెండు రోజులు చూసి 'పనిచేసింది' అని రాసుకుపోతే మనకు ఉపయోగం లేదు. పిడుగులు పడేది జూన్‌లో. చెట్లు గుబురెక్కి, ఆకులు తడిసి అడ్డుపడేది ఆగస్టులో. ఒక ఖరీఫ్ అంతా నడిపి చూపాలి.

రెండు, ఏం కావాలో గ్రామసభ చెప్పాలి. ఫలితం తెలుగులో రాసి పంచాయతీకి ఇవ్వాలి. లింకు పనిచేయకపోతే ఎందుకు చేయలేదో కూడా రాయాలి. తర్వాత వచ్చేవాళ్ళకు అదే పనికొస్తుంది.

మూడు, సామాను పంచాయతీ పేరునో, మహిళా సంఘం పేరునో ఉండాలి. పది చదివిన ఇద్దరు ఊరి పిల్లలకు, అందులో ఒక ఆడపిల్లకు, యాంటెన్నా తిప్పడం, బ్యాటరీ చూడడం, పిడుగుకు ఎర్తింగ్ చేయడం నేర్పాలి. వాళ్ళకు నెలనెలా కొంత జీతం పంచాయతీ నిధుల నుంచి రావాలి. ఉచిత సేవతో ఏ యంత్రమూ ఎక్కువకాలం నడవదు.

నాలుగు, మన చెలకలో కొలిచిన వాన, తేమ లెక్కలు మనవి. రైతు ఒప్పుకోకుండా విత్తన కంపెనీకో, మందుల కంపెనీకో అవి చేరకూడదు. పంట నష్టం అంచనా వేసేటప్పుడు మాత్రం ఆ లెక్కలను అధికారులు ఒప్పుకోవాలి.

అయిదు, ఇది ప్రభుత్వానికి. లింకు వచ్చేదాకా యాప్ పేరుతో ఏ రైతునూ కొనుగోలు కేంద్రం నుంచి వెనక్కి పంపొద్దు. సిగ్నల్ లేని ఊళ్ళకు కాగితం మీద నమోదు, కేంద్రం దగ్గరే స్లాట్ ఇవ్వాలి. సిగ్నల్ ఇవ్వని ప్రభుత్వానికి సిగ్నల్ అడిగే హక్కు లేదు.

వచ్చే పిల్లలు మన బిడ్డలే. వాళ్ళకు మార్కులు రావాలి, మంచి ఉద్యోగాలు రావాలి. వాళ్ళు జీపెక్కి పోయాక టవర్ మీది దీపం వెలుగుతూనే ఉండాలంటే మాత్రం తాళంచెవి ఊళ్ళో ఉండాలి. ఈసారి మండల కమిటీ సమావేశాల్లో దీన్ని ఎజెండాలో పెట్టండి. సిగ్నల్ అందని తండాల జాబితా ముందు మనం తయారు చేద్దాం. కాలేజీకి, కలెక్టరేట్‌కు ఆ జాబితాతోనే పోదాం.