నంగారా దెబ్బకు రిలే టక్‌మనాల

పోస్టు కొంచెం పొడుగే, ఓపికగా చదవండి.

నేను డిప్లొమా ఎలక్ట్రానిక్స్ ఫస్ట్ క్లాసులో పాసయినాను. మొదటి ఇంటర్వ్యూలో ఒక సారు బల్ల మీద రిలే, ట్రాన్సిస్టర్, బ్యాటరీ పెట్టి "కలిపి చూపించు" అన్నాడు. రిలే గురించి పరీక్షలో రెండు పేజీలు రాసినోణ్ని. కానీ దాని ఐదు కాళ్లలో కాయిల్ కాళ్లు ఏవో గుర్తుపట్టలేకపోయినాను. మూడేండ్లు ల్యాబ్ రికార్డు రాసినాను గానీ, సోల్డరింగ్ ఐరన్ చేత పట్టింది లేదు. ఈ గ్రూపులో నాలాంటోళ్లు తక్కువేం కాదు.

అందుకే నా మాట ఇది: మన పిల్లల చేతికి ఎలక్ట్రానిక్స్ రావాలంటే మన వాయిద్యంతోనే మొదలుపెట్టాల. నంగారా మీద దెబ్బ పడితే రిలే టక్‌మని లైటు వెలగాల. ఊరికే చెప్పడం లేదు, మా తండాలో నలుగురం కట్టి చూసినాం.

మొదట చిన్న మైకు పెట్టినాం. అది నంగారాకే కాదు, స్పీకర్ బాక్సుకూ, ట్రాక్టరుకూ, పిల్లల కేకలకూ రిలేను ఆడించింది. తర్వాత పీజో బిళ్ల తెచ్చి నంగారా గిన్నెకు టేపుతో అంటించినాం. అలారం గడియారాల్లో కీమనేది ఆ బిళ్లే. దానికి కరెంటిస్తే శబ్దం చేస్తుంది, అదురు తగిలితే తిరిగి కరెంటు పుట్టిస్తుంది. గాలిలో వచ్చే గోలను పెద్దగా పట్టించుకోదు, తాను అంటుకున్న గిన్నె అదురునే పట్టుకుంటుంది.

ఆ సిగ్నల్ నేరుగా రిలేను లాగలేదు. అందుకని మధ్యలో ఎల్ఎం358 చిప్పు పెట్టినాం. దెబ్బ ఎంత గట్టిగా పడితే పలకాలో ఒక ప్రీసెట్ తిప్పి చెప్పాల. అయినా రిలే గరగరమనింది. ఎందుకంటే వాయిద్యం సిగ్నల్ సెకనుకు వందసార్లు పైకీ కిందికీ ఊగుతుంది, రిలే లోపలున్నదేమో కదిలే ఇనుప ముక్క. దానికి కాస్త నిదానం కావాల. చిప్పు తర్వాత ఒక డయోడు, 22 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టి, అక్కడినుంచి 22 కిలో ఓంల రెసిస్టర్ ద్వారా బిసి547 ట్రాన్సిస్టర్ బేసుకు కలిపినాం. ఆ రెండు అంకెలు గుణిస్తే దాదాపు అర సెకను. దెబ్బ ఆగినా లైటు చటుక్కున ఆరదు. ఆర్‌సి టైమ్ కాన్‌స్టాంట్ అని బట్టీ కొట్టింది నాకు ఆ రోజే అర్థమయింది.

ట్రాన్సిస్టర్లు రెండు కాలిపోయినాయి. తప్పు మాదే. రిలే ఆరినప్పుడు దాని కాయిల్ పెద్ద వోల్టేజీని వెనక్కి కొడుతుంది. దానికి అడ్డంగా 1ఎన్4007 డయోడు తిరగేసి పెట్టాలని పుస్తకంలో ఉంది, చదివినాం కూడా. పెట్టడం మరిచినాం. ఇంక ఈ జన్మలో మరిచిపోను.

కొందరు అన్నలు అంటారు, "సౌండ్ సెన్సార్ మాడ్యూలు ఆన్‌లైన్లో దొరుకుతుంది కదప్పా, ఎందుకీ తిప్పలు?" దొరుకుతుంది. లైటే కావాలంటే కొనుక్కోండి. మనకు కావాల్సింది లైటు కాదు, కట్టే చెయ్యి. ఇంకొందరు "రైల్వే పరీక్షకు చదివేవాళ్లకు ఈ ఆటలెందుకు" అంటారు. గుత్తిలో లోకో షెడ్డు పక్కన పెరిగినోళ్లం, మనమే ఆ మాట అంటే ఎట్ల? రైల్వే సిగ్నళ్లలో రిలే ఇంటర్‌లాకింగ్ అని ఒక పెద్ద పద్ధతే ఉంది. ఒక రైలుకు దారి ఇస్తే దానికి అడ్డం వచ్చే దారి తెరుచుకోకుండా ఆపేది ఆ రిలేలే. టెక్నీషియన్ గ్రేడ్-1 సిగ్నల్ పోస్టులకు అప్లై చేసేవాళ్లు మన గ్రూపులోనే ఉన్నారు.

ఒకప్పుడు మన పెద్దలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశమంతా లదేణి నడిపినారు. రైళ్లొచ్చినాక ఆ బతుకు దెబ్బతినింది. అదే రైలును నడిపించే సిగ్నల్ పెట్టె దగ్గర మన బిడ్డ టెస్టర్ పట్టుకొని నిలబడాలని నా ఆశ.

ఇప్పుడు పని మాట. ఫిబ్రవరి 15న చెర్లోపల్లి దగ్గర సేవాగఢ్‌లో సేవాలాల్ జయంతికి అందరం కలుస్తాం. అప్పటికి ఒక్కో హాస్టలు నుంచి ఒక్క సర్క్యూట్ అయినా రావాల. 12 వోల్టుల అడాప్టరు, ఎల్ఈడీ పట్టీ కాకుండా మాకు రెండొందల లోపే అయింది. 12 వోల్టులతోనే చేయండి, ఇంటి 230 వోల్టుల లైను రిలేకు ఇవ్వొద్దండి, ప్రాణం మీదికి వస్తుంది. చెల్లెళ్లూ, ఇది మగపిల్లల పని అని ఎవరన్నా అంటే వినొద్దు. మా నలుగురిలో సోల్డర్ నీటుగా వేసింది ఒక చెల్లెలే.

రిలే కాళ్లు తెలియకపోతే మల్టీమీటరు పెట్టి చూడండి. మేం వాడిన రిలేలో రెండు కాళ్ల మధ్య 400 ఓంలు చూపించింది, అదే కాయిల్. ఆ మాట ఇంటర్వ్యూకి పోయేముందు నాకు ఎవరూ చెప్పలేదు. మీకు నేను చెప్తున్నా. ఎవరెవరు చేస్తారో కింద పేరు పెట్టండి, సామాన్లు కలిపి తెచ్చుకుందాం.