సొత్తు ఒకరిది, వారసత్వం అందరిది

మంత్రాలయ ప్రాంతంలో ఏ ఇంటి అటక మీదనైనా తాళపత్ర గ్రంథం దొరికితే అది ఇంటివారిదా? జాతిదా? ఈ ప్రశ్నకు హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియం చరిత్ర సమాధానం చెబుతుంది.

కళాఖండాలను, రాతప్రతులను సేకరించిన మూడవ సాలార్‌జంగ్ 1949లో అవివాహితులుగానే మరణించారు. ఆయన నివాసమైన దివాన్ దేవిడీలో 1951లో నెహ్రూ మ్యూజియాన్ని ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించి, గవర్నరు అధ్యక్షులుగా గల పాలకమండలికి అప్పగించింది. నాటి నుండి ఆ సంపద ఏ ఒక్కరి ఇష్టానికీ లోబడి లేదు.

అయితే చట్టం కావలి మాత్రమే. రాతప్రతులు పరిశోధకుల చేతికి అందినప్పుడే ఆ కావలికి సార్థకత. అటక మీది తాళపత్రానికీ ఇదే న్యాయం. దాచినవారు ధన్యులు, నలుగురికీ దక్కేలా కట్టుబాటు చేసినవారు మరింత ధన్యులు.