ప్రత్యర్థికి విద్య చెప్పవచ్చునా?

స్పర్ధ ఉన్నచోట గోప్యత ఉండి తీరాలని మనం దాదాపు నిర్విచారంగా అంగీకరిస్తాం. ఎదుటివాడు నన్ను ఓడించడానికే వచ్చినప్పుడు నా విజయసాధనాన్ని అతని చేతికి ఎందుకు అందించాలి అన్న ప్రశ్నలో పైకి ఏ దోషమూ కనబడదు. అయినప్పటికీ, వేతనాపేక్ష లేకుండా కేవలం అభిరుచితో కార్ల పందేలలో పాల్గొనే ఔత్సాహికుల లోకంలో ఈ తర్కానికి విరుద్ధమైన ఆచారమొకటి చిరకాలంగా నిలిచి ఉన్నది. పందేనికి అరగంట ముందు ఒకడు మరొకని వద్దకు వెళ్లి “ముందు టైర్లలో గాలి ఎంత పెట్టారు?” అని అడుగుతాడు. రెండవవాడు నిజమే చెబుతాడు. ఆ నిజం వల్ల తానే ఓడిపోవచ్చునని ఎరిగే చెబుతాడు. ఈ ఆచారం సమంజసమని మాత్రమే కాదు, ఆ క్రీడకు ప్రాణాధారమని నా అభిప్రాయం. అయితే దానికి కొన్ని మర్యాదలున్నవి. వాటిని విస్మరించి ఔదార్యమని చెప్పుకొనేవారితో నాకు పేచీ ఉన్నది.

ఈ విషయంతో పరిచయం లేని పాఠకుల కొరకు ఒక మాట. ఒకే కర్మాగారంలో తయారైన రెండు కార్లు మలుపులో ఒకే విధంగా ప్రవర్తించవు. టైర్లలోని గాలి, చక్రం నిలువుకు ఎంత వాలి ఉన్నదనే కోణం, చక్రాల ముఖాలు లోపలికి చూస్తున్నాయా బయటికి చూస్తున్నాయా అన్నది, స్ప్రింగుల కాఠిన్యం, షాక్ అబ్జార్బర్ల బిగువు, కారు పక్కకు ఒరగకుండా పట్టి ఉంచే యాంటీ రోల్ బార్ బలం, డ్రైవరు కూర్చున్నప్పుడు నాలుగు చక్రాలపై పడే బరువుల పంపకం, ఇవన్నీ కలిసి కారు స్వభావాన్ని నిర్ణయిస్తాయి. ఈ సమస్తాన్నీ ‘సెటప్’ అనే ఒక్క మాటతో వ్యవహరిస్తారు. ఒకటి మారిస్తే మిగిలినవాటి ఫలితం మారుతుంది. కనుక సరియైన సమన్వయం కనుగొనడానికి నెలలు పడుతుంది, టైర్లు అరుగుతాయి, ధనం వ్యయమవుతుంది. అంత శ్రమతో లభించిన దానిని అడిగినంత మాత్రాన ఇచ్చివేయడమా అన్న సంకోచం సహజమే.

అమెరికాలో 1944లో ఏర్పడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ నిర్వహించే ‘సోలో’ పోటీలు ఈ చర్చకు మంచి ఉదాహరణ. విశాలమైన మైదానంలో ప్లాస్టిక్ కోన్లతో దారి గీస్తారు. ఒక్కొక్క కారూ సుమారు నిమిషం పాటు ఆ దారిన పరుగెత్తుతుంది. కోన్ పడితే 2 సెకన్ల దండన. ఆ సంస్థ జాతీయస్థాయి పోటీ నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్‌లో జరుగుతుంది. వేయిమందికి పైగా వస్తారు. తన పరుగు లేని సమయంలో ప్రతి పోటీదారుడూ మైదానంలో నిలబడి, ఇతరులు పడగొట్టిన కోన్లను లేపి, ఎన్ని పడ్డాయో నిజాయితీగా తెలపాలి. అంటే పోటీదారులను లెక్కించే పని పోటీదారులదే. పరస్పర విశ్వాసం లేనిదే అక్కడ ఫలితమన్నదే ఏర్పడదు.

అంతకన్నా విచిత్రమైన విషయం మరొకటి. ఒకే కారును ఇద్దరు నడపవచ్చు. ఇద్దరూ ఒకే తరగతిలో ఒకరిపై ఒకరు పోటీ పడవచ్చు. ఒకడు దిగగానే ఇంకొకడు ఎక్కుతాడు. మధ్యలో వేడెక్కిన టైర్లపై నీళ్లు చల్లి చల్లార్చేది తరచుగా ఆ ప్రత్యర్థే. కారు ఒక్కటే, టైర్లు ఒక్కటే, సెటప్ అక్షరాలా ఒక్కటే. కాలాలు మాత్రం వేరు. ఒకనికి వెనుకభాగం కొంచెం వదులుగా తిరిగితే ఇష్టం, మరొకనికి అది భయం. ఉపకరణ సామ్యం ఇంత సంపూర్ణంగా ఉన్నప్పుడు కూడా జయాపజయాలు తేలుతున్నాయంటే, పరీక్షకు నిలబడుతున్నది వారి చూపు, చేయి, ధైర్యం, సంయమనం అన్నది స్పష్టం.

ఇక్కడ పూర్వపక్షి ఒక యుక్తి పన్నుతాడు: “సెటప్ వల్ల తేడా లేదంటే చెప్పడం నిష్ప్రయోజనం, ఉన్నదంటే చెప్పడం అవివేకం.” వినడానికి బాగున్నది. కాని అందులో ఒక సూక్ష్మం తప్పిపోయింది. సెటప్ తెలియకపోవడం వల్ల కలిగే నష్టం ఒకటి, తెలిసిన తరువాత నేర్పుతో సాధించే లాభం మరొకటి. మొదటిదానిని తొలగిస్తే రెండవది నిర్మలంగా కనబడుతుంది. నీ టైర్లలో గాలి ఎంత ఉండాలో నీకు తెలియక నేను గెలిచానంటే, ఆ కప్పు నీ అజ్ఞానానికి లభించిన సాక్ష్యపత్రమే తప్ప నా నైపుణ్యానికి కాదు. నన్ను నేను కొలుచుకొనదలిస్తే నా ఎదుట ఉన్నవాడు తన పూర్ణశక్తితో ఉండాలి.

ఈ వాదానికి కఠినపరీక్ష ‘స్పెక్ మియాటా’ వంటి తరగతులలో ఎదురవుతుంది. మాజ్దా సంస్థ చేసిన చిన్న రెండు సీట్ల కార్లవి. అక్కడ నియమావళే తేడాలను బలవంతంగా తుడిచివేస్తుంది. స్ప్రింగుల కాఠిన్యం అంగుళానికి ముందు 700 పౌండ్లు, వెనుక 325 పౌండ్లు, అందరికీ అవే. మిగిలేది కారు ఎత్తు, చక్రాల కోణాలు, బార్ బిగింపు, గాలి పీడనం, అంతే. మిగిలినది స్వల్పం గనుక ప్రతి అణువూ అమూల్యమవుతుంది. పైగా అక్కడ కార్లు పక్కపక్కనే పరుగెత్తుతాయి; సెకనులో పదోవంతు కూడా స్థానాలను తారుమారు చేస్తుంది. అటువంటి చోట పరీక్షాదినాలకు, ఇంజనీరుకు సొంత డబ్బు ఖర్చుపెట్టినవాడు మౌనం వహిస్తే నేను తప్పు పట్టను. “ఇది చెప్పలేనండీ” అనడం గౌరవప్రదమైన సమాధానం. అతనికి మౌనాధికారం ఉన్నది. అసత్యాధికారం లేదు.

కొందరు ఈ రెంటికీ మధ్య ఒక గల్లీ వెతుక్కుంటారు. అడిగినవానికి గాలి రెండు పౌండ్లు ఎక్కువ చేసి చెబుతారు; లేదా ముందు చక్రాల కోణం చెప్పి, దానితో జతగా చేసిన బార్ మార్పును దాచిపెడతారు. దీనిని చమత్కారమని చెప్పుకొని నవ్వుకోవడం కూడా ఉన్నది. ఇది నవ్వవలసిన విషయం కాదు. వెనుక చక్రాలు కొంచెం బయటికి చూసేలా అమర్చితే కారు మలుపులో చురుకుగా తిరుగుతుంది; ఆరితేరినవాడు ఆ చురుకుదనాన్ని వాడుకుంటాడు. నిన్న మొన్న మొదలుపెట్టినవాని కారు అదే అమరికతో, బ్రేకు తొక్కిన క్షణంలో వెనుక ముందవుతుంది. కోన్ల మైదానంలో అయితే గిర్రున తిరిగి ఆగుతుంది, నలుగురు నవ్వుతారు. గోడలున్న ట్రాక్‌పై, వెనుక పది కార్లు తరుముకొస్తుండగా జరిగితే ఫలితం వేరు. కనుక అంకె చెప్పి దాని అపాయం చెప్పకపోవడం కూడా అర్ధసత్యమే. అది తెలియక జరిగినా ప్రమాదమే, తెలిసి చేస్తే దానిని క్రీడ అనే పేరుతో పిలవకూడదు.

వృత్తిక్రీడలో ధర్మం వేరు. 2007లో ఫెరారీ సంస్థ సాంకేతిక పత్రాలు మెక్‌లారెన్ పక్షంలోనివారి చేతికి చేరిన వ్యవహారంలో ఫార్ములా వన్ అధికారులు ఆ జట్టుకు 10 కోట్ల డాలర్ల జరిమానా విధించి, నిర్మాతల చాంపియన్‌షిప్ నుండి తొలగించారు. అక్కడ జ్ఞానం ఆస్తి. వందలమంది జీవనోపాధి దానిపై ఆధారపడి ఉన్నది. ఆ నీతిని తెచ్చి, ఆదివారం ఉదయం సొంత కారుతో, సొంత పెట్రోలుతో వచ్చే గుమాస్తాకూ ఉపాధ్యాయునికీ తగిలించడం వేషం మాత్రమే. పోగొట్టుకొనేందుకు అక్కడ ఉన్నదేమిటి? ఒక చిన్న కప్పు.

నూతన ఆవిష్కరణ సంగతి మరొకటి. ఇంగ్లండులో 1939లో ఆరంభమైన 750 మోటార్ క్లబ్ వారి పందేలకు, 1951లో కాలిన్ చాప్‌మన్ తన లోటస్ మార్క్ 3 కారుతో వచ్చాడు. ఆస్టిన్ సెవెన్ ఇంజన్‌లో నాలుగు సిలిండర్లకు గాలి, ఇంధనం వెళ్లే ద్వారాలు రెండే. అతడు వాటిని లోపల విభజించి సిలిండరుకొకటి చొప్పున మార్గం కల్పించాడు. అతని కారు మిగిలినవాటిని అవలీలగా దాటిపోయింది. తరువాత నియమాలు మార్చి ఆ పద్ధతిని నిషేధించారు. అటువంటి స్వకీయ ప్రతిభాఫలాన్ని ఒకడు కొంతకాలం తనవద్దే ఉంచుకుంటే నాకు ఆక్షేపణ లేదు. కాని గాలి పీడనం ఆవిష్కరణ కాదు. అది అంతకుముందు ఎవరో మనకు చెప్పగా మనకు తెలిసినది. అందరి చేతులమీదుగా వచ్చినదానిని నా దగ్గర ఆపివేయడానికి నాకు ఏ హక్కు ఉన్నది?

మనవైపు చూస్తే కోయంబత్తూరుకు చెందిన ఎస్. కరివర్ధన్ గుర్తుకు వస్తాడు. స్వయంగా పందేలలో పాల్గొన్నవాడు. 1980ల చివర మారుతీ 800 ఇంజన్‌తో తక్కువ ఖర్చులో చిన్న పందెపు కార్లు నిర్మించి యువకులకు అందుబాటులోకి తెచ్చాడు. తనతో పోటీ పడగలవారిని తన కార్ఖానాలోనే తయారుచేసుకున్నాడన్నమాట. 1995లో విమానప్రమాదంలో మరణించాడు. ఆ ఊరి ట్రాక్ నేడు ఆయన పేరు మీదనే ఉన్నది.

మహాభారతంలో ద్రోణుడు ఈ ప్రశ్నకు రెండు విరుద్ధమైన సమాధానాలుగా కనబడతాడు. తనను వధించడానికే పుట్టినవాడని తెలిసి కూడా ధృష్టద్యుమ్నునికి అస్త్రవిద్య నేర్పినవాడు అతడే. అర్జునునికి సాటి ఉండరాదని ఏకలవ్యుని బొటనవ్రేలు అడిగినవాడూ అతడే. మొదటిపనిలో దైవం అనివార్యమన్న భావంతో పాటు తన కీర్తిరక్షణ కూడా ఉన్నదని ఆదిపర్వమే చెబుతుంది. కాబట్టి దానిని నిష్కల్మష ఔదార్యమని నేను అనను. అయినా తన ప్రాణమే పణమైనచోట విద్యను దాచనివాడు, శిష్యుని ప్రథమస్థానం కొరకు మరొకని విద్యను ఛేదించడం ఆశ్చర్యకరం. మన ప్యాడాక్‌లలో కూడా ఈ రెండవ ద్రోణుడే తరచుగా తటస్థపడతాడు. తాను ఓడిపోవడానికి సిద్ధపడేవాడు సైతం, తన మిత్రుడు ఓడిపోతాడని తలచినప్పుడు పెదవి బిగిస్తాడు.

అడిగేవాని పక్షాన కూడా అర్హత ఉండాలి. ‘అధికారి’ అన్న పదం శాస్త్రాలలో ఊరకే రాలేదు. పరుగు ముగిసిన వెంటనే టైరు లోపలి అంచున, నడుమ, వెలుపలి అంచున ఉష్ణోగ్రత కొలిచేవాడు, నడుమ ఎక్కువ వేడిగా ఉంటే గాలి అధికమని, వెలుపలి అంచు కాలిపోతుంటే చక్రం చాలినంత లోపలికి వాలలేదని ఊహించగలడు. అటువంటివాడు “నాకు ఇలా వస్తున్నది, మీకెలా ఉన్నది?” అని అడుగుతాడు, ఆ ప్రశ్నలో అతడు ఇచ్చేది కూడా ఉన్నది. ఏ కొలతా లేకుండా ప్రతివారం అంకెలు మాత్రమే పోగుచేసుకొని పోయేవానికి అంకె ఇచ్చినా ఉపయోగం లేదు. తన బరువు వేరు, టైర్ల వయస్సు వేరు, ఆనాటి ఎండ వేరు. అతనిని కసురుకోనక్కరలేదు; ముందు ఉష్ణమాపకం చేతికిచ్చి తన టైర్లు తననే కొలవమంటే చాలు.

ఇక కొత్తగా వచ్చినవారి మాట. ఒక తరగతిలో పన్నెండు కార్లు ఉండి, చివర ఇద్దరు ఏడాదంతా చివరనే ఉంటే, మరుసటి ఏడు వారు రారు. అప్పుడు పది. ఆ పదిలోనూ ఎవరో చివర ఉంటారు. సెటప్ దాచుకొన్న విజేతకు కొన్నేళ్లకు పోటీ పడడానికి ఎవరూ మిగలరు. తరగతినే రద్దుచేసి మరొకదానిలో కలుపుతారు. అందుచేత ఎవరైనా మొదటిసారి కారు తెచ్చినప్పుడు, అడగకముందే వెళ్లి, మీ టైర్లలో ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఎంత గాలి పెట్టారో, రెండు పరుగుల తరువాత అది ఎంతకు పెరిగిందో, ఎంత వదిలారో చెప్పండి. ఆ మూడూ చెప్పడానికి రెండు నిమిషాలు పట్టదు. వెనుక చక్రాల అమరిక గురించి అడిగితే మాత్రం, ఇంకొక నాలుగు నెలలు ఆగమనండి.