యాస మీద నవ్వు, ఖజానా మీద పట్టు

2023 అక్టోబర్ 4న మాంచెస్టర్‌లో జరిగిన కన్సర్వేటివ్ పార్టీ వార్షిక మహాసభలో అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ ఒక ప్రకటన చేశారు. లండన్ నుంచి బర్మింగ్‌హామ్ మీదుగా మాంచెస్టర్ చేరవలసిన హెచ్‌ఎస్-2 హైస్పీడ్ రైలు మార్గం ఇక బర్మింగ్‌హామ్‌తోనే ఆగిపోతుందన్నది దాని సారాంశం. మాంచెస్టర్‌కు రైలు రాదన్న సంగతి మాంచెస్టర్‌లోనే చెప్పడం ఒక వింత. ఆ సభ జరిగిన ప్రాంగణం 1969లో మూతపడిన ఒకనాటి రైల్వే స్టేషన్ కావడం మరో వింత. మిగిలే సొమ్ముతో చేపడతామన్న ‘నెట్‌వర్క్ నార్త్’ పథకం జాబితాలో ఇంగ్లండ్ నైరుతి కొసన ఉన్న డెవన్ కౌంటీలోని టావిస్టాక్ రైలు మార్గమూ చేరింది. కొద్ది వారాలకే లండన్ వీధుల గుంతలు పూడ్చడానికీ ఆ పద్దు నుంచే నిధులు ప్రకటించారు. పేరులో ఉత్తరం ఉంది, పద్దులో మాత్రం దేశమంతా ఉంది.

ఆగ్రహం రాలేదని కాదు. గ్రేటర్ మాంచెస్టర్ మేయర్ ఆండీ బర్నమ్ గట్టిగానే నిరసించారు. కానీ ఆ ఆగ్రహం పాత వాదులాటలోకి జారిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు. ఉత్తరాది వాళ్లకు ఎప్పుడూ ఏదో ఒక సణుగుడు ఉంటుందని ఒక పక్షం, దక్షిణాది వాళ్లకు లండన్ దాటితే లోకమే లేదని మరో పక్షం. ఇంగ్లండ్ ఈ వాదులాటను కుటుంబ పరిహాసంగా చూసుకుంటుంది. అది అంత నిరపాయకరమైనది కాదు. ప్రభుత్వ ఖజానాను అడగవలసిన ప్రశ్నను మనుషుల స్వభావం మీద చర్చగా మార్చడమే ఈ మూస ముద్రలు రాజకీయాల్లో చేసే అసలు పని.

భారతీయ పాఠకులు ఈ కథలో దిక్కులను కొంత సరిచేసుకుని చదవాలి. మన దేశంలో జనసంఖ్య, లోక్‌సభ స్థానాల బలం ఉత్తరాదిది. తలసరి ఆదాయంలో పైచేయి దక్షిణాదిది. ఇంగ్లండ్‌లో ఆ రెండు బలాలూ ఒకే వైపు ఉన్నాయి. 2021 జనగణన ప్రకారం అయిదున్నర కోట్లు దాటిన ఇంగ్లండ్ జనాభాలో ఉత్తరాది మూడు ప్రాంతాల వాటా నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. పార్లమెంటు, న్యాయస్థానాల శిఖరం, బ్యాంకులు, జాతీయ పత్రికలు, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ అన్నీ దక్షిణాన ఉన్నాయి. కనుక ఈ పరిహాసంలో ఇరువురూ సమఉజ్జీలు కారు.

ముద్రలు అందరికీ కంఠోపాఠమే. ఉత్తరాది మనిషి తలకు బల్లపరుపు టోపీ, వెంట సన్నటి వేటకుక్క, చిప్స్ మీద గ్రేవీ. మాట కరకు, మనసు మెత్తన. యార్క్‌షైర్ వాడైతే పిసినారి, లివర్‌పూల్ వాడైతే మాటకారి, చేతివాటం గలవాడు. దక్షిణాది మనిషి డబ్బున్నవాడు, సుకుమారుడు, రైలులో పక్కవాడితో పలకనివాడు. ‘బాత్’, ‘గ్రాస్’ వంటి మాటల్లో అచ్చును సాగదీస్తే దక్షిణాది, కుదిస్తే ఉత్తరాది. సరిహద్దు ఎక్కడన్న దానికి మాత్రం సమాధానం లేదు. కొందరికి ట్రెంట్ నది, కొందరికి నార్తాంప్టన్‌షైర్‌లోని వాట్‌ఫర్డ్ గ్యాప్, మరికొందరికి లండన్ శివార్లు దాటితే అంతా ఉత్తరమే. నడుమనున్న మిడ్‌లాండ్స్ వాసులను ఎవరికి వారు అవతలి వైపుకు నెట్టేస్తారు. గీత ఎక్కడుందో తెలియకపోయినా గీతకు అవతలివాడి గుణగణాలు మాత్రం అందరికీ తెలుసు!

యాస విషయంలో ఈ నవ్వు ఎంత లోతుకు పోతుందో బీబీసీ చరిత్ర చెబుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో యార్క్‌షైర్‌లోని హాలిఫాక్స్‌కు చెందిన విల్‌ఫ్రెడ్ పికిల్స్ చేత జాతీయ రేడియోలో వార్తలు చదివించారు. ఆ యాసలో చెబితే వార్త నమ్మబుద్ధి కావడం లేదని శ్రోతల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. వార్త అదే, వాస్తవం అదే. మారింది అచ్చు నిడివి మాత్రమే. విశ్వసనీయతకు ఒక యాస ఉంటుందని ఒక జాతి నమ్మిన తర్వాత, ఆ యాస లేనివారి గోడు గోలగానే వినిపిస్తుంది.

ఈ అసమానతకు మూలం స్వభావంలో కాక అధికారంలో ఉన్నదని పందొమ్మిదో శతాబ్ది ఆరంభమే చూపింది. నూలు మిల్లులతో ప్రపంచాన్నే మార్చిన మాంచెస్టర్‌కు అప్పట్లో కామన్స్ సభలో సొంత సభ్యుడు లేడు. దక్షిణాన విల్ట్‌షైర్‌లో జననివాసమే లేని ఓల్డ్ సారమ్ దిబ్బకు మాత్రం ఇద్దరు సభ్యులు! 1819 ఆగస్టు 16న ప్రాతినిధ్యం కోరుతూ మాంచెస్టర్‌లోని సెయింట్ పీటర్స్ మైదానంలో చేరిన జనం మీదికి గుర్రపు దళాన్ని తోలారు. పీటర్లూ పేరుతో చరిత్రకెక్కిన ఆ ఘాతుకం జరిగిన పదమూడేళ్లకు, 1832 సంస్కరణ చట్టంతో గానీ ఆ నగరానికి సభ్యత్వం దక్కలేదు. ఆ తర్వాత కొద్ది కాలానికే ‘కష్టపడే ఉత్తరం, కులాసా దక్షిణం’ అన్న బొమ్మ సాహిత్యంలోనూ స్థిరపడింది. 1855లో పుస్తకంగా వెలువడిన ఎలిజబెత్ గాస్కెల్ నవల పేరే ‘నార్త్ అండ్ సౌత్’.

ఆ బొమ్మను ఉత్తరాది కూడా ఇష్టంగానే గోడకు తగిలించుకుంది. తామే అసలైన శ్రమజీవులమని, దక్షిణాది వారు తమ కష్టం తిని బతుకుతారని ఉత్తరాది వారు అనుకోవడం కూడా ఒక డాంబికమేనని జార్జ్ ఆర్వెల్ 1937 నాటి ‘ది రోడ్ టు విగన్ పియర్’లోనే ఎత్తిచూపారు. ఆ స్వశక్తి గాథలో చెప్పని అధ్యాయాలూ ఉన్నాయి. లాంకషైర్ మిల్లుల్లోకి వచ్చిన దూది చాలా కాలం అమెరికా బానిసల చెమటతో పండినది. అక్కడ నేసిన బట్టకు పెద్ద అంగడి బానిస భారతం. మచిలీపట్నం అద్దకాలకూ తెలుగునాట చేనేతకూ తగిలిన దెబ్బ ఆ మగ్గాల చప్పుడులో వినబడలేదు. 1931 సెప్టెంబర్‌లో, రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లిన గాంధీ లాంకషైర్‌లోని డార్వెన్ ప్రాంతానికి వెళ్లారు. విదేశీ వస్త్ర బహిష్కరణ వల్ల కూడా పని కోల్పోయిన మిల్లు కార్మికులు ఆయనను ఆదరంగా పలకరించారు, వారి ఆడవాళ్లు చుట్టూ చేరి జయధ్వానాలు చేశారు. భారతదేశపు పేదరికంతో పోల్చి ఆయన చెప్పిన మాట విన్నారు. సంకుచితుడైన ఉత్తరాది కార్మికుడన్న ముద్రలో ఆ ఛాయాచిత్రం ఇమడదు.

ముద్రలు నవ్వుతో ఆగక ప్రాణాల లెక్కలోకి వస్తే ఏమవుతుందో హిల్స్‌బరో చూపింది. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని ఆ ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిసలాట చివరికి 97 మంది లివర్‌పూల్ అభిమానుల మృతికి కారణమైంది. నాలుగు రోజులకే ‘ది సన్’ పత్రిక మొదటి పేజీలో అభిమానులు తాగివచ్చి మృతుల జేబులు కొట్టారని, సహాయకుల మీద దాడి చేశారని అచ్చువేసింది. ఆ అబద్ధానికి ఆధారం అవసరం కాలేదు. లివర్‌పూల్ వాడి మీద అప్పటికే ఉన్న ముద్రే ఆధారమై నిలిచింది. ప్రమాదానికి ప్రధాన కారణం పోలీసుల అదుపు తప్పడమేనని అదే ఏడాది లార్డ్ జస్టిస్ టేలర్ నివేదిక చెప్పినా ముద్ర చెరగలేదు. 2004లో కూడా, బోరిస్ జాన్సన్ సంపాదకత్వంలోని ‘స్పెక్టేటర్’ తన సంపాదకీయంలో లివర్‌పూల్‌ది బాధితుల మనస్తత్వమని ఈసడించి, తాగుబోతు అభిమానుల కథను మళ్లీ ఎత్తింది. పార్టీ నాయకుడు పంపగా జాన్సన్ ఆ నగరానికి వెళ్లి క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 164 మంది పోలీసుల వాంగ్మూలాలను దిద్దారని 2012లో స్వతంత్ర విచారణ బృందం బయటపెట్టింది. మృతులు చట్టవిరుద్ధంగా చంపబడ్డారని, అభిమానుల తప్పేమీ లేదని జ్యూరీ తేల్చేసరికి 2016 వచ్చింది. న్యాయం అడిగిన తల్లిదండ్రుల దుఃఖాన్ని ఇరవై ఏడేళ్ల పాటు ‘సణుగుడు’ పద్దులో రాసుకున్న దేశమది. ఇక్కడ ఇంకో సంగతి కూడా గమనించాలి. వాంగ్మూలాలు దిద్దినవారు దక్షిణాది వారు కారు. సౌత్ యార్క్‌షైర్ పోలీసులు. ముద్ర ఎవరు కొట్టినా వాడుకునేది అధికారమే.

ఎన్నికల విశ్లేషణలో ఇదే ముద్ర మరో రూపంలో తిరిగి వచ్చింది. 2016 ప్రజాభిప్రాయ సేకరణలో యూరప్ సమాఖ్య నుంచి బయటికి నడిపించినవాడు మూతపడిన గనుల పక్కన బతికే ఉత్తరాది శ్వేతజాతి కార్మికుడేనన్న కథ లండన్ పత్రికల నుంచి ప్రపంచమంతా పాకింది. ఆ ప్రాంతాలలో నిష్క్రమణ వాటా ఎక్కువన్నది నిజం; ఈశాన్యంలో అది 58 శాతం. కానీ ఓట్లు లెక్కపెడితే కథ తలకిందులవుతుంది. ఉత్తరాది మూడు ప్రాంతాలు కలిపి నిష్క్రమణకు వేసినవి సుమారు 43 లక్షల ఓట్లు. లండన్‌ను పక్కన పెట్టినా దక్షిణాది మూడు ప్రాంతాలు, అంటే ఆగ్నేయం, నైరుతి, తూర్పు, కలిపి వేసినవి 61 లక్షలు. ఒక్క ఆగ్నేయ ప్రాంతమే 25 లక్షలకు పైగా వేసి దేశంలో మొదటి స్థానంలో నిలిచింది. మాంచెస్టర్, లివర్‌పూల్, లీడ్స్, న్యూకాసిల్ నగరాలు సమాఖ్యలో కొనసాగాలనే చెప్పాయి. సొంత ఇల్లు, నెలనెలా పింఛను గల దక్షిణాది ఓటరును ఎవరూ ‘సమస్య’గా అధ్యయనం చేయలేదు. అతని ఓటును అభిప్రాయమన్నారు, ఉత్తరాది ఓటును ఆక్రోశమన్నారు.

2019 ఎన్నికలలో ‘ఎర్ర గోడ’, ‘వర్కింగ్టన్ మనిషి’ అన్న మాటలు పుట్టాయి. బోల్సోవర్, సెడ్జ్‌ఫీల్డ్ వంటి లేబర్ కంచుకోటలను గెలిచిన కన్సర్వేటివ్‌లు ఆ మనిషి మనసు తమకు అర్థమైందనుకున్నారు. 2024లో అవే చోట్ల లేబర్ మళ్లీ గెలిచింది. అర్థం కానిది మనిషి మనసు కాదు, అతనికి ఇచ్చిన హామీ. ప్రాంతాల అంతరాలు సరిచేస్తామన్న ‘లెవలింగ్ అప్’ నినాదం పేరిట ఒక మంత్రిత్వ శాఖే వెలిసి, 2024లో ఆ పేరు పలక మీద నుంచి చెరిగిపోయింది.

ఈ ముద్రల వల్ల నష్టపోయేది ఉత్తరాది ఒక్కటే కాదు. దక్షిణమంటే సంపన్నమన్న భ్రమ కింద కప్పబడిన పేదరికం తక్కువేమీ కాదు. ప్రభుత్వమే ప్రకటించే లేమి సూచికల ప్రకారం 2010, 2015, 2019లలో వరుసగా ఇంగ్లండ్‌లో అత్యంత వెనుకబడిన చోటుగా తేలింది ఎసెక్స్ తీరంలోని జేవిక్. లండన్‌కు ఈశాన్యంగా, ఉత్తరాదికి ఎంతో దూరంగా ఉన్న ఊరది. అది భాగమైన క్లాక్టన్ నియోజకవర్గమే 2024లో నైజెల్ ఫరాజ్‌ను పార్లమెంటుకు పంపింది. ఆకాశహర్మ్యాల నీడలో ఉన్న లండన్‌లోని టవర్ హామ్లెట్స్‌లో బాలల పేదరికం దేశంలోనే తీవ్రమైన వాటిలో ఒకటి. మరోవైపు చెషైర్‌లోని ఆల్డర్లీ ఎడ్జ్, యార్క్‌షైర్‌లోని హారోగేట్ ఉత్తరాది సిరిమంతుల ఊళ్లు. బ్రాడ్‌ఫర్డ్, ఓల్డమ్, బ్లాక్‌బర్న్ వీధుల్లో తరాలుగా ఉంటూ అచ్చమైన ఉత్తరాది యాస పలికే పాకిస్తానీ, బంగ్లాదేశీ, గుజరాతీ మూలాల కుటుంబాలకు ఆ టోపీ, వేటకుక్కల బొమ్మలో చోటే లేదు. సౌతాంప్టన్‌లో పుట్టి యార్క్‌షైర్ నియోజకవర్గం నుంచి గెలిచిన సునాక్‌కూ అందులో చోటు లేదు.

అయితే అంతరాలే లేవని చెప్పడం మరో అబద్ధమవుతుంది. ఉత్తరాది తీరంలోని బ్లాక్‌పూల్‌లో పుట్టిన మగబిడ్డ ఆయుర్దాయానికీ దక్షిణాన హాంప్‌షైర్‌లోని హార్ట్‌లో పుట్టినవాడి ఆయుర్దాయానికీ మధ్య తేడా పదేళ్లకు దగ్గరగా ఉంది. గ్రేవీ వల్లనో సోమరితనం వల్లనో వచ్చిన తేడా కాదది. ప్రభుత్వ పెట్టుబడులను తూచే ‘గ్రీన్ బుక్’ పద్ధతిలో, జీతాలు, భూముల ధరలు ఇప్పటికే ఎక్కువగా ఉన్న చోట పెట్టిన పౌండుకు లాభం ఎక్కువగా కనబడుతుందన్న విమర్శ బలపడి 2020లో ఆ పద్ధతిని సమీక్షించవలసి వచ్చింది. ఉన్నవాడికే మరింత వడ్డించే ఆ తూకానికి యాస లేదు, టోపీ లేదు. కనుక దాని మీద పరిహాసమూ లేదు. అదే ఏడాది కోవిడ్ ఆంక్షల పరిహారం కోసం బర్నమ్ 65 మిలియన్ పౌండ్లు అడిగితే ప్రభుత్వం 60 మిలియన్ల దగ్గర బేరం తెంచింది. ఒక మహానగర ప్రాంతానికి ఎన్నికైన మేయర్ నిధుల కోసం రాజధాని గుమ్మంలో నిలబడవలసి రావడమే అక్కడి అసలు వార్త. ఆ అధికార కేంద్రీకరణ మీద చర్చ జరగలేదు. బర్నమ్‌కు ‘ఉత్తరాది రాజు’ అన్న బిరుదు మాత్రం దక్కింది.

ఉత్తరాది నాయకులు కూడా ఈ నాణేన్ని చెలామణీ చేశారు. హడర్స్‌ఫీల్డ్‌లో పుట్టి ఆక్స్‌ఫర్డ్‌లో చదివిన హెరాల్డ్ విల్సన్ జనంలో పైపు కాల్చి, ఏకాంతంలో సిగారు కాల్చిన ప్రధాని. యాసతో, మాట కరుకుతో ఓట్లు రాబట్టిన వారికి ఆ ముద్ర లాభసాటి. కానీ అధికారమే చేతికిస్తామన్నప్పుడు, 2004లో ఈశాన్య ప్రాంత శాసనసభ ప్రతిపాదనను అక్కడి ఓటర్లు 78 శాతంతో తిరస్కరించారు. అంత బలహీనమైన సభ వల్ల ఒరిగేదేమీ లేదన్న అనుమానం అందుకు ఒక కారణం. ప్రాంతాభిమానం పుష్కలంగా ఉన్న చోట ప్రాంతాధికారం మీద నమ్మకం లేకపోవడం ఈ కథలోని అతి పెద్ద విషాదం. దాన్ని కూడా ‘మొండి ఉత్తరాది’ అని నవ్వి వదిలేశారు.

యాసలు, వంటకాలు, వాటి మీద జోకులు ఏ దేశానికైనా సంపదే. వాటిని నిషేధించమని అడిగేవారు ఎవరూ లేరు. జాగ్రత్త పడవలసినది మరో చోట. ఒక ప్రాంతం వెనుకబాటుకు అక్కడి మనుషుల గుణం కారణమని పాలకుడు చెప్పినప్పుడు, ఆ ప్రాంతం పద్దు చూపమని అడగాలి. అదే పాలకుడు ఆ మనుషుల ఓర్పును, కష్టపడే తత్వాన్ని ఆకాశానికెత్తినప్పుడు ఇంకా గట్టిగా అడగాలి. కష్టజీవి అని పొగిడితే కూలి పెంచనక్కరలేదన్నది కామందులకు అనాదిగా తెలిసిన కిటుకు. ఇంగ్లండ్ ఉత్తరాదికి రెండు వందల ఏళ్లుగా అందుతున్నవి ఎక్కువగా అలాంటి పొగడ్తలే.